డ్రెస్సింగ్ రూములో ఏ పాట పెట్టాలి?

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయాన్ స్టేడియం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్లో దక్షిణ కొరియాతో తలపడేందుకు భారత జట్టు మైదానంలో అడుగుపెట్టగానే దాదాపు లక్షమంది ప్రేక్షకులు గేలి మొదలుపెట్టారు. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆ పోటీలకు రానివ్వకపోవడాన్ని భారతీయుడైన క్రీడాధికారి గురుదత్ సోంధీ తప్పుపట్టాడని ఇండోనేషియన్ల కోపం. జాతీయగీతం వస్తున్నంతసేపూ ఆ గోల ఆగలేదు. జట్టు శిక్షకుడు మన హైదరాబాదు బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం. అప్పటికే ఆయన ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ ముదిరింది. బంగారు పతకాన్ని తనకు కానుకగా ఇమ్మని ఫైనల్‌కు ముందు ఆయన అడిగిన సంగతిని ఆ జట్టువాళ్ళు ముసలితనంలో కూడా చెప్పుకునేవారు. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ జట్టులో ఉన్నారు. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం రక్షణ వరుస నుంచి తీసి ముందు వరుసలో ఆడించాడు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు కొట్టారు. 2-1తో గెలిచాం. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం కన్నుమూశాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత పురుషులకు ఆ తర్వాత మళ్ళీ బంగారం రాలేదు.

ఆ రోజు ఆటగాళ్ళ చెవిన పడిన శబ్దమంతా వాళ్ళను కుంగదీసేదే. ఇప్పుడు అలా గాలికి వదిలేయరు. బస్సు దిగేటప్పుడు ఒక్కొక్కరి తలమీద హెడ్‌ఫోన్లు, డ్రెస్సింగ్ రూములో బల్లమీద స్పీకరు, అందులో ముందుగా పేర్చుకున్న పాటలు ఉంటాయి. ఆ వరుసను ఎవరు పేరుస్తారు, ఏ లెక్కన పేరుస్తారు అన్నది చూడ్డానికి తేలిక విషయంలా ఉంటుంది. చాలా జట్లలో కాస్త చలాకీగా ఉండే ఆటగాడికి ఆ పని అప్పజెబుతారు. అధికారులు కల్పించుకుంటే దేశభక్తి సినిమా పాటలు పెట్టిస్తారు. ఏ పాట ఎవరిమీద ఎలా పనిచేస్తుందో మాత్రం శాస్త్రవేత్తలు వందేళ్ళకు పైగా కొలుస్తూనే ఉన్నారు. వాళ్ళకు దొరికిన జవాబులు మా నడిగడ్డ మానవపాడు మండలంలో చెక్కలతో తాళం వేస్తూ చెక్కభజన ఆడేవాళ్ళకు కొత్తగా అనిపించవు. క్రీడాధికారులకే కొత్తగా అనిపిస్తాయి.

తొలినాళ్ళ కొలతల్లో ఒకటి 1910 డిసెంబరు నాటిది. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఆరు రోజుల సైకిల్ పందెం జరుగుతుంటే లియోనార్డ్ ఎయిర్స్ అనే గణాంకవేత్త బ్యాండు వాయించినప్పటి వేగాన్నీ, ఆపినప్పటి వేగాన్నీ విడివిడిగా లెక్కగట్టాడు. బ్యాండు మోగుతుంటే గంటకు సుమారు 31 కిలోమీటర్లు, ఆగితే సుమారు 29. జనం నిండుగా ఉన్న వేళల్లోనే బ్యాండు వాయించి ఉంటే ఆ తేడా జనానిది కావచ్చు గదా అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అందుకే తర్వాతి వాళ్ళు ప్రయోగశాలలో ఒక్కో అంశాన్నీ విడదీసి చూశారు. 2020లో పీటర్ టెర్రీ, లండన్ బ్రూనెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కోస్టాస్ కరాగియోర్గిస్, వాళ్ళ సహచరులు కలిసి అప్పటిదాకా జరిగిన 139 అధ్యయనాలను, 3,599 మంది మీద వచ్చిన ఫలితాలను ఒకచోట చేర్చి తూచారు. పాట వింటూ కష్టపడినవాళ్ళకు మనసు బాగుంది. పని కొంచెం ఎక్కువ చేయగలిగారు. అలసట కొంచెం తక్కువగా తోచింది. ఒంటికి ఆక్సిజన్ కూడా కాస్త పొదుపుగా సరిపోయింది. గుండె వేగంలో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. అన్నింటికంటే పెద్ద మార్పు మనసులోనే కనబడింది. మిగతావి చిన్న లాభాలు. అయితే 90 నిమిషాల ఆటను ఒక్క గోలు తేల్చేసే చోట చిన్న లాభాన్ని కాదనుకోలేం.

పాట కండ దాకా ఎలా చేరుతుంది? జెస్సికా గ్రాన్, మాథ్యూ బ్రెట్ 2007లో చేసిన మెదడు స్కానింగులు దీనికి ఒక దారి చూపించాయి. కాలు చెయ్యి కదపకుండా పడుకుని తాళం వింటున్నా సరే, కదలికలను నడిపించే మెదడు భాగాలు మేలుకుంటాయి. పుర్రె లోతున ఉండే బేసల్ గాంగ్లియా, కదలికకు ముందస్తు ఏర్పాటు చేసే సప్లిమెంటరీ మోటార్ ఏరియా ఆ పని మొదలుపెడతాయి. అంటే డప్పు దరువు వినగానే కాలు ఆడటం అలవాటు కాదు, చిలిపితనమూ కాదు. చెవికీ కాలికీ మధ్య ముందే వేసి ఉన్న దారి అది. ఇక ఆక్సిజన్ సంగతి. 2012లో బ్రిటన్‌లో చేసిన ఒక ప్రయోగంలో పాట తాళానికి సరిగ్గా పెడలు కలిపి సైకిలు తొక్కినవాళ్ళు, తాళం కాస్త వెనకబడిన పాట వింటూ తొక్కినప్పటి కన్నా సుమారు 7 శాతం తక్కువ ఆక్సిజన్‌తో అదే పని చేశారు. తాళం లేకపోతే మన కాళ్ళు తెలియకుండానే ఓసారి తొందరపడి, ఓసారి నెమ్మదిస్తాయి. ఆ హెచ్చుతగ్గులను సర్దుకోవడానికే కొంత శక్తి పోతుంది. తాళం ఆ వృథాను ఆపుతుంది.

రెండో దారి ధ్యాస. ఒళ్ళు పంపే నొప్పి కబుర్లూ, చెవి పంపే పాటా ఒకే ఇరుకు సందులోంచి మనసులోకి వెళ్ళాలి. పాట ముందు దూరితే నొప్పికి చోటు తగ్గుతుంది. నడిగడ్డ పొలాల్లో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మా మానవపాడు, అలంపూర్, ఇటిక్యాల, గద్వాల ప్రాంతాల్లో విత్తన పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గను విప్పి పుప్పొడి భాగం తీసేసి, పొద్దున్నే ఒక్కో పువ్వుకూ చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ పని నెలల తరబడి సాగుతుంది. చెట్టు చెట్టుకూ, పువ్వు పువ్వుకూ ఒకే కదలిక. ఆ సాళ్ళలో కొంగున కట్టుకున్న ఫోన్లో పాట మోగుతూనే ఉంటుంది. ఆర్డీఎస్ (రాజోలిబండ) కాలువ కింద వరి నాటేచోట పెద్దవయసు ఆడవాళ్ళు ఫోను లేకుండానే పాట అందుకుంటారు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందిపుచ్చుకుంటారు. నడుము నొప్పి పోదు, కానీ మనసు దాన్ని ఎంచదు.

అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఒంటి శక్తిలో దాదాపు మూడొంతులు దాటి వాడుతున్నప్పుడు, అంటే గుక్క తిప్పుకోలేని పరుగులో, ఊపిరితిత్తుల గోల పాటను తోసేసి ముందుకొస్తుంది. అలసట తగ్గినట్టు అనిపించడం అక్కడితో ఆగిపోతుంది. అప్పుడు కూడా మనసు మాత్రం కాస్త మెరుగ్గా ఉంటుందని పరిశోధకులు గమనించారు.

ఫుట్‌బాల్‌కు వచ్చేసరికి అసలు చిక్కు వేరే. ఆట జరుగుతున్నప్పుడు ఆటగాడి చెవిలో పాట ఉండదు. సైకిలు తొక్కేవాడికీ, జిమ్ములో బరువులెత్తేవాడికీ తాళం పని పొడవునా తోడుంటుంది. ఫుట్‌బాల్ ఆటగాడు దాన్ని ముందే మనసులో నింపుకుని వెళ్ళాలి. 1998 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో ఇథియోపియా పరుగువీరుడు హైలే గెబ్రెసెలాసీ 2,000 మీటర్ల ఇండోర్ ప్రపంచ రికార్డు కొట్టినప్పుడు, తన అడుగుకు సరిపడే ‘స్కాట్‌మాన్’ పాటను స్టేడియం స్పీకర్లలో వేయించుకున్నాడు. ఆ వీలు స్ట్రైకర్‌కు లేదు. జట్టు బస్సు, డ్రెస్సింగ్ రూము, వార్మప్, సగం ఆట తర్వాతి 15 నిమిషాల విరామం, ఆట అయ్యాక వచ్చే గంట. పాటకు దొరికే చోటు ఇంతే.

ఆ కొద్ది వేళలో పాట చేయాల్సింది ఆటగాడి ఉద్వేగాన్ని సరైన మట్టానికి తేవడం. సరైన మట్టం అంటే పైకి తేవడం అని అందరూ అనుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది. 1908లో యెర్క్స్, డాడ్సన్ ఎలుకల మీద చేసిన ప్రయోగాల నుంచి మొదలై తర్వాత క్రీడల దాకా పాకిన గమనింపు ఒకటుంది. ఉద్వేగం పెరిగేకొద్దీ పనితనం కొంతవరకు పెరుగుతుంది, ఆ తర్వాత పడిపోతుంది. పని ఎంత సున్నితమైతే అంత తొందరగా పడిపోతుంది. మరీ ఉద్రేకంలో ఉన్నవాడి చూపు ఇరుకవుతుంది. ఎదురుగా బంతి కనబడుతుంది, పక్కన ఖాళీగా నిలబడ్డ తోటివాడు కనబడడు. తల ఎగరేసి గోలు కొట్టాల్సిన డిఫెండరుకు పనికొచ్చే పాట, పెనాల్టీ కొట్టబోయేవాడిని చెడగొడుతుంది. గోల్‌కీపర్ది మరీ వేరు లెక్క. అరగంట ఊరకే నిలబడి, ఒక్క క్షణంలో ఎటు దూకాలో తేల్చుకోవాలి. డేనియల్ బిషప్, ఆయన సహచరులు యువ టెన్నిస్ ఆటగాళ్ళను పరిశీలించినప్పుడు, వాళ్ళు తమ మనసును ఎక్కడికి తెచ్చుకోవాలో చూసుకుని దానికి తగ్గ పాటను తామే ఎంచుకుంటున్నారని తేలింది. కొందరు రెచ్చగొట్టే పాట, కొందరు నెమ్మదింపజేసే పాట. మరో ప్రయోగంలో వేగమైన, గట్టి పాట విన్నాక వాళ్ళు ఎంపిక చేసి స్పందించే వేగం మెరుగుపడింది. పదకొండు మందికీ ఒకే స్పీకరులో ఒకే పాట పెట్టడం, జ్వరం ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే మాత్ర ఇచ్చినట్టే.

మరి పాటను ఎంచడమెలా? 1999లో కరాగియోర్గిస్, టెర్రీ, ఆండ్రూ లేన్ ఒక కొలమానం తయారుచేశారు. పాట మనిషిని కదిలించే గుణాన్ని వాళ్ళు నాలుగు అంశాలుగా విడదీశారు. తాళం ఒంటిని పట్టుకునే తీరు, రాగం చెవికింపు, ఆ పాట ఎదిగొచ్చిన సంస్కృతిలో దానికున్న విలువ, వినేవాడి జ్ఞాపకంలో అది దేనితో ముడిపడి ఉందన్నది. వీటిలో తాళానిదే పెద్దపీట. గమనిస్తే సాహిత్యం పేరు విడిగా ఎక్కడా లేదు. 400 మీటర్ల పరుగు మీద 2006లో వచ్చిన అధ్యయనం దీన్నే ఇంకోరకంగా చూపింది. అడుగు కలిసేలా వాడితే ఉత్సాహపరిచే పాటా, ఏ ఉద్వేగమూ లేని మామూలు పాటా రెండూ పాటలేని పరుగు కన్నా మెరుగైన సమయమే ఇచ్చాయి. ‘లేవరా, దూకరా, గెలవరా’ అని మాటలు పేర్చిన పాటే జట్టును లేపుతుందన్న నమ్మకం ఈ ఫలితం ముందు నిలవదు.

వేగం సంగతి కూడా అంతే. నిమిషానికి 125 నుంచి 140 దెబ్బల మధ్య తాళమే కష్టపడే ఒంటికి ఎక్కువగా నచ్చుతుందని 2011 నాటి పరిశోధన తేల్చింది. గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటున్నా, 140 దాటిన పాట వల్ల అదనపు లాభం పెద్దగా కనబడలేదు. ఊరేగింపుల్లో డీజే బండి వాళ్ళు పాట వేగం పెంచుకుంటూ పోవడం చెవులకు శ్రమే తప్ప కాళ్ళకు మేలు కాదు.

జ్ఞాపకం అన్న అంశం దగ్గర కాస్త ఆగాలి. 2011లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో వలోరీ సాలింపూర్ బృందం, పాట వింటూ ఒళ్ళు జలదరించే క్షణాన మెదడులో డోపమిన్ విడుదలవుతుందని చూపించింది. ఆ జలదరింపుకు ముందే, అది వస్తోందన్న ఎదురుచూపులోనే ఒక భాగంలో డోపమిన్ మొదలైంది. అసలు క్షణంలో ఇంకో భాగంలో ఊరింది. పాట ఎక్కడ పైకి లేస్తుందో ముందే తెలిస్తేగదా ఎదురుచూసేది. కాబట్టి నిన్నగాక మొన్న విడుదలైన పాటను ఫైనల్ రోజు డ్రెస్సింగ్ రూములో పెట్టడం కన్నా, ఆటగాడు ఏళ్ళ తరబడి విన్న పాటే మేలు. జ్ఞాపకానికి చేదు కూడా ఉంటుంది. ఓడిన టోర్నమెంటు పొడవునా మోగిన పాట మళ్ళీ పెడితే ఆ ఓటమి కూడా వెంటవస్తుంది. మా పాలమూరు వాళ్ళకు ఈ ముడి గురించి వేరే చెప్పనక్కర్లేదు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద మోగిన పాటలు ఇప్పుడు వినబడినా ఆనాటి మనుషులు కళ్ళముందు నిలబడతారు. గోరటి వెంకన్న పాట, దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర నాగర్‌కర్నూల్ పిల్లాడి ఒంటిలో తెచ్చే కదలిక వేరు, ఐజ్వాల్ పిల్లాడిలో తెచ్చేది వేరు.

జాతీయ జట్టుకు పాట ఎంచేవాడిని తిప్పలు పెట్టేది ఇదే. మన మహిళల జట్టునే తీసుకోండి. 2025 జులై 5న చియాంగ్ మాయిలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించిన జట్టు అది. రెండు గోల్సూ బెంగాల్ అమ్మాయి సంగీతా బాస్ఫోర్ కొట్టింది. ఆ తరం ఆటగత్తెల్లో నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఉంది, మణిపూర్ నుంచి బాలాదేవి, ఒడిశా నుంచి ప్యారీ ఖాఖా ఉన్నారు. పురుషుల జట్టు కూడా అంతే. 2024 నవంబరు 18న గచ్చిబౌలిలో మలేషియాతో 1-1గా ఆడినప్పుడు చూస్తే, మిజోరం, మణిపూర్, గోవా, కేరళ, పంజాబ్ అన్నీ ఒకే గదిలో బూట్లు కట్టుకుంటున్నాయి. బొంబాయి హిందీ పాట అందరికీ తెలుసు, నిజమే. కానీ అందరికీ తెలిసిన పాట అందరి సొంత పాట కాదు. సంస్కృతి, జ్ఞాపకం అన్న రెండు అంశాల్లో అది చాలామందికి సగం మార్కులే తెస్తుంది.

అందరిదీ అనదగిన పాట ఆ గదిలో ఒక్కటే ఉంది. అది జాతీయగీతం. దానికీ మన నేలకూ బంధం ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రుడు మదనపల్లె బిసెంట్ థియోసాఫికల్ కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించాడు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ అక్కడే దాని బాణీకి స్వరలిపి కూర్చింది. ఇప్పుడు పూర్తిగా పాడితే 52 సెకన్లు. నెమ్మది నడక. తాళం లెక్కన చూస్తే వార్మప్‌కు ఏమాత్రం పనికిరాని పాట.

కానీ జాతీయగీతం మీద వచ్చిన పరిశోధన ఆలోచింపజేస్తుంది. మాథ్యూ స్లేటర్, అలెక్స్ హాస్లమ్, నిక్లాస్ స్టెఫెన్స్ 2016 యూరో కప్‌లోని 51 మ్యాచుల ముందు జట్లు తమ గీతాన్ని ఎలా పాడాయో వీడియోలు చూసి మార్కులు వేయించారు. ముఖంలో భావం, ఒంటి తీరు, గొంతులో ఊపు చూశారు. ఎక్కువ మమేకమై పాడిన జట్లు తర్వాత తక్కువ గోల్స్ సమర్పించుకున్నాయి. ఓడితే ఇంటికెళ్ళే నాకౌట్ దశలో అలాంటి జట్లు గెలిచే అవకాశం కూడా ఎక్కువగా కనబడింది. పాడడం వల్లే గెలిచారా, లేక గట్టిగా కలిసున్న జట్టు ఎలాగూ గట్టిగా పాడుతుందా అన్నది దీంతో తేలదు. నా మట్టుకు నాకు రెండోదే ఎక్కువ నిజమనిపిస్తుంది. స్పెయిన్ జాతీయగీతానికి అధికారికంగా సాహిత్యమే లేదు, ఆటగాళ్ళు నోరు మూసుకుని నిలబడతారు. అయినా 2008, 2012, 2024 యూరో కప్పులు, 2010 ప్రపంచకప్పు వాళ్ళవే. 2014లో బ్రెజిల్ జట్టు సొంతగడ్డ మీద, వాద్యం ఆగిపోయాక కూడా స్టేడియమంతటితో కలిసి కన్నీళ్ళతో గీతం పాడుతూ సెమీఫైనల్ దాకా వచ్చింది. జులై 8న జర్మనీ చేతిలో 7-1తో ఓడింది. ఉద్వేగం మట్టం దాటడం గురించి పైన చెప్పింది ఇక్కడ గుర్తుతెచ్చుకోవచ్చు.

స్లేటర్ అధ్యయనంలో నన్ను పట్టుకున్న మాట ఇంకొకటి. వాళ్ళు కొలిచింది ఏ పాట మోగిందన్నది కాదు. జట్టు ఎలా పాడిందన్నది. వినడానికీ పాడడానికీ మధ్య ఉన్న ఈ తేడా మీదే, నా దృష్టిలో, మొత్తం విషయం ఆధారపడి ఉంది.

2013లో జర్మనీలోని లైప్‌జిగ్ మాక్స్ ప్లాంక్ సంస్థకు చెందిన థామస్ ఫ్రిట్జ్ బృందం ఒక చక్కటి ఏర్పాటు చేసింది. వ్యాయామ యంత్రాలకు తీగలు తగిలించి, మనిషి లాగినప్పుడూ నొక్కినప్పుడూ ఆ కదలికే సంగీతంగా మారేటట్టు చేశారు. ముగ్గురు ముగ్గురు కలిసి వ్యాయామం చేస్తుంటే పాట పుడుతుంది. ఇంకోసారి అదే వ్యాయామం, కానీ పాట ఊరకే స్పీకరులోంచి వస్తుంది. పాటను తామే పుట్టించినప్పుడు వాళ్ళకు శ్రమ తక్కువగా తోచింది, కండరాలు కూడా శక్తిని పొదుపుగా వాడుకున్నాయి. లోకమంతటా పనిపాటలు పుట్టడానికి ఇదొక కారణం కావచ్చని వాళ్ళే రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో 2010లో వచ్చిన మరో పరిశోధనలో పడవపందెం జట్టువాళ్ళు యంత్రం మీద ఒంటరిగా తెడ్డేసినప్పుడూ, అందరూ ఒకే లయలో కలిసి వేసినప్పుడూ చేతికి బీపీ పట్టీ బిగించి నొప్పి ఎంతసేపు ఓర్చుకోగలరో చూశారు. శ్రమ ఒక్కటే. కలిసి వేసినప్పుడు ఓర్పు మరింత ఎక్కువగా పెరిగింది. ఒంట్లో ఊరే నొప్పి నివారణ రసాయనాలైన ఎండార్ఫిన్లే కారణమని వాళ్ళ అంచనా. స్టాన్‌ఫర్డ్‌లో స్కాట్ విల్టర్‌మత్, చిప్ హీత్ 2009లో చూపించింది ఇంకా సూటిగా ఉంటుంది. అడుగు కలిపి నడిచిన గుంపులు, విడివిడిగా నడిచిన గుంపుల కన్నా తర్వాత ఆడిన ఆటల్లో ఒకరికొకరు ఎక్కువ సహకరించుకున్నారు. స్వీడన్ గోథెన్‌బర్గ్‌లో బృందగానం చేసే పిల్లల గుండె వేగాలు కలిసి పెరిగి, కలిసి తగ్గడం 2013లో నమోదైంది. పాట వాక్యాల దగ్గర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటారు, ఆ ఊపిరే గుండెను నడుపుతుంది.

ఇప్పుడు నడిగడ్డ చెక్కభజనను చూడండి. ఇటు గద్వాల పల్లెల్లోనూ, తుంగభద్ర దాటితే కర్నూలు పల్లెల్లోనూ అది ఉంది. గజ్జెలు కట్టిన కాళ్ళు, చేతిలో తాళపు బిళ్ళలు బిగించిన కర్రచెక్కలు, మధ్యలో గురువు. నెమ్మదిగా మొదలవుతుంది. అడుగు కుదిరాకే గురువు వేగం పెంచుతాడు. తాళం పెరిగేకొద్దీ వలయం బిగుస్తుంది. ఎవరి అడుగు తప్పినా పక్కవాడి చెక్కకు తెలిసిపోతుంది. పీర్ల పండుగ రాత్రి అలాయి గుండం చుట్టూ డప్పులకు అడుగు వేసే ఊరుమ్మడి ఆటలోనూ, బతుకమ్మ చుట్టూ చప్పట్ల పాటలోనూ ఇదే పని జరుగుతుంది. హిందువులూ ముస్లింలూ, పెద్దలూ పిల్లలూ ఒకే దరువులోకి వచ్చి చేరతారు. చెడుగుడు ఆడే పిల్లవాడు గుక్క ఆపకుండా కూత పెడుతూ వెళ్ళి రావడం కూడా ఆ కోవలోదే. తన పాటను తానే మోసుకెళ్ళే ఆట అది. లైప్‌జిగ్‌లో యంత్రాలకు తీగలు కట్టి కనుక్కున్న సంగతిని ఈ ఊళ్ళు ఏటేటా కాళ్ళతో చేసి చూపిస్తున్నాయి.

జాతీయ జట్టు భాషల చిక్కుకు కూడా నాకు ఇక్కడే దారి కనబడుతోంది. మాటలు పదకొండు రకాలు కావచ్చు, దరువు అందరికీ అందుతుంది. మనకు డప్పు ఉంది. మిజోలకు చర్చిలో మోగే ఖువాంగ్ ఉంది. మణిపురీలకు పుంగ్, కేరళకు చెండ, పంజాబుకు ఢోల్, బెంగాల్‌కు ఢాక్, గోవాకు ఘుమట్ ఉన్నాయి. భారత జట్టులోకి వచ్చే ప్రతి పిల్లాడూ ఏదో ఒక పండుగలో ఒక తోలువాద్యం పక్కన నిలబడి పెరిగినవాడే. డ్రెస్సింగ్ రూము పాటను సినిమాల్లోంచి ఏరే బదులు, ఒక్కొక్కరు తమ ఊరి దరువు ఒకటి నేర్పితే, బల్లల మీద, చప్పట్లతో, కాళ్ళతో అందరూ దాన్ని పట్టుకుంటే, సంస్కృతి, జ్ఞాపకం, తాళం మూడూ ఒకే దెబ్బకు దొరుకుతాయి. మణిపురీ దరువు సౌమ్యకు మొదట కొత్తే. తోటివాళ్ళతో కలిసి నెల రోజులు కొడితే అది ఆమె సొంతమవుతుంది, ఆ జట్టు జ్ఞాపకమవుతుంది.

ఇదంతా జాతీయ జట్టుకే అనుకోనక్కర్లేదు. మానవపాడు లాంటి మండల కేంద్రంలో ఎస్‌జీఎఫ్ (పాఠశాల క్రీడల సమాఖ్య) పోటీలకు పిల్లలను తయారుచేసే వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ సారు) రేపే మొదలుపెట్టవచ్చు. ఫుట్‌బాల్ అయినా, కబడ్డీ అయినా పద్ధతి ఒకటే. ముందు పిల్లల్ని అడగాలి. ఒక్కొక్కరు తమకు ఊపునిచ్చే పాటలు, నెమ్మదినిచ్చే పాటలు విడిగా రాసివ్వాలి. ప్రతి పాట దెబ్బలను 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషం వేగం వస్తుంది. బట్టలు మార్చుకునేటప్పుడు 100 దగ్గరి పాటలు, వార్మప్ మొదట్లో 120, చివర్లో 140. చెక్కభజన గురువు వేగం పెంచే తీరులోనే పెంచుకుంటూ పోవాలి. సారు వ్యూహం చెప్పేటప్పుడు పాట పూర్తిగా ఆపెయ్యాలి. మాటలున్న పాట, సారు మాట రెండూ ఒకేసారి బుర్రకెక్కవు. హెడ్‌ఫోన్లు బస్సు వరకే. గదిలోకి వచ్చాక తీసేయాలి, ఎందుకంటే చెవులు మూసుకున్న పదకొండు మంది పదకొండు చోట్ల ఉంటారు. గోల్‌కీపర్‌ను మాత్రం వదిలెయ్యవచ్చు. అతనికి నెమ్మది కావాలంటే నెమ్మదే ఇవ్వాలి. మైదానంలోకి వెళ్ళేముందు చివరి రెండు నిమిషాలు స్పీకరు కట్టేసి, జట్టంతా కలిసి తమ దరువు కొట్టాలి.

విరామంలో మొదట ఊపిరి, నీళ్ళు, సారు మాట. వెనకబడి ఉన్నామని వెంటనే హోరు పెట్టడం పొరపాటు, అప్పటికే వాళ్ళ ఉద్వేగం అవసరానికి మించి ఉంటుంది. ముందున్నామని సడలిపోయిన జట్టుకు మాత్రం లేచేముందు ఆ దరువే మళ్ళీ పనికొస్తుంది. ఆట ముగిశాక నెమ్మది పాటలు పెడితే ఒళ్ళూ మనసూ మామూలు స్థితికి తొందరగా వస్తాయి. గెలిచిన రోజు పిల్లలు ఎలాగూ వినరు, అది వాళ్ళ హక్కు.

శబ్దం గట్టితనం గురించి ఒక్కమాట తప్పనిసరిగా చెప్పాలి. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు ఎనిమిది గంటలకు మించి వినకూడదనీ, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందనీ వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతున్నాయి. ఆ లెక్కన 100 డెసిబెల్స్ దగ్గర పావుగంటే. రేకుల కప్పున్న ఇరుకు గదిలో పెద్ద స్పీకరు పెట్టి ఆ మట్టం దాటించడం ఏమంత కష్టం కాదు. పక్కవాడితో మామూలు గొంతుతో మాట్లాడితే వినబడేంత శబ్దం చాలు. పిల్లల వినికిడి ఏ ట్రోఫీ కన్నా విలువైనది.

చివరిగా లెక్క రాయడం. పాటతో చేసిన వార్మప్ తర్వాత 30 మీటర్ల పరుగు, పాట లేకుండా చేసిన తర్వాత అదే పరుగు, సొంత దరువు కొట్టిన తర్వాత అదే పరుగు. రోజులు మార్చి మార్చి, ఒకే వేళకు, ఒకే స్టాప్‌వాచ్‌తో ఒక పుస్తకంలో రాయాలి. పాటలు పెట్టిన మ్యాచ్ గెలిచినా, ఓడినా దాన్ని పాటకు ముడిపెట్టకూడదు, ఒక మ్యాచును తేల్చే కారణాలు చాలా ఉంటాయి. ఎనిమిదో తరగతి లెక్కల్లో నేర్చుకున్న సగటు తీయడం వస్తే చాలు, ఆ పుస్తకంలోంచి ఏ పిల్లవాడికి ఏది పనిచేసిందో పిల్లలే తేల్చుకోగలరు.